కొండచిలువ తోళ్ళు, చవితి పాలు

మొన్న రాఫెల్స్ ప్లేస్‌లో ఒక దుకాణం ముందు ఆగిపోయాను. అద్దం వెనక కొండచిలువ తోలు సంచీ. పొలుసుల అంచు లేచిందా లేదా అని నా వేళ్ళు వాటంతటవే అద్దాన్ని తడుముతున్నాయి. "నాన్నా, కమ్ లా! ఎవ్రీవన్ లుకింగ్" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో కసురుతూ మా అమ్మాయి చెయ్యి పట్టి లాగింది. ఆ రోజంతా నాకు కుదురు లేదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో పాసిర్ రిస్‌లో ఒక గోదావరి జిల్లా అంకుల్ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. తను పనిచేసే గిడ్డంగిలోనే నాకూ కంప్యూటరు పని ఇప్పించాడాయన. సుమత్రా అడవుల నుంచి ఉప్పు పట్టించిన కొండచిలువ తోళ్ళు చుట్టలు చుట్టలుగా వచ్చేవి. అంకుల్ ఒక్కోదాన్నీ బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని, తల నుంచి తోక దాకా అరచేత్తో నిమిరి, పొలుసుల అంచు లేచిందేమో తడిమి, మొదటి రకమో రెండో రకమో చెప్పేవాడు. ఆ చేతికి తిరుగులేదు. ఇంట్లో ఆంటీకి మాత్రం మేకతోళ్ళని చెప్పాడు. "నిజం తెలిస్తే మీ ఆంటీ నా చేత్తో మంచినీళ్ళు కూడా పుచ్చుకోదు బాబూ, నోరు జారకేం" అని మొదటిరోజే నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆంటీకి నాగుల చవితి అంటే ప్రాణం మరి. పుట్టలు దొరకని చోట వెండి పడగ పెట్టుకుని, పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ నైవేద్యం పెట్టేది. ఏడాది పొడవునా అగరొత్తుల పొగలో కూర్చుని పేపరు చదివే అంకుల్‌కి సరిగ్గా ఆ పూటే ఆయాసం వచ్చేది. బయట కారిడార్‌లో చెప్పుల స్టాండు పక్కన అటూ ఇటూ తిరిగేవాడు. నేను గడప దగ్గర నిలబడి లోపలికొకసారి, బయటికొకసారి చూసేవాణ్ణి.

రెండో ఏడు చవితినాడు చిమ్మిలి నా చేతిలో పెడుతూ ఆంటీ గొంతు తగ్గించింది. "ముప్పై ఏళ్ళుగా ఆయన చొక్కాలు ఉతుకుతున్నాను. మేకకి పొలుసులుంటాయా బాబూ?" నేను చప్పున కారిడార్ వైపు చూశాను. "ఈ పాలు ఎవరికోసం పోస్తున్నాననుకున్నావ్? ఆయనకి ఏ దోషమూ అంటకూడదనే. నాకు తెలుసని మాత్రం ఆయనతో అనకు. నా మొహంకేసి చూళ్ళేడు" అని ఆవిడా ఒట్టు వేయించుకుంది.

పెళ్ళయి వేరే ఇంటికి మారినా ప్రతి చవితికీ ప్రసాదానికి వెళ్ళేవాణ్ణి. "లోపల పూజ అయిపోయిందా బాబూ?" అని అంకుల్ కారిడార్‌లోనే అడిగేవాడు. ఆంటీకి అంతా తెలుసని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చేది. "అయిపోయిందండీ" అనేసేవాణ్ణి. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇద్దరికిచ్చిన మాటా నిలబెట్టానని ఒకప్పుడు గర్వపడ్డాను కూడా. ఆ మనిషిని లోపలికి పిలవడానికి నాకు పదకొండు చవితులు దొరికాయి.