సీసాలో చెరువు నీళ్ళు

గుడివాడలో పందొమ్మిదేళ్ళు సైన్సు పాఠాలు చెప్పాక నన్ను దివిసీమకి బదిలీ చేశారు. అప్పటికి అమ్మ పోయి ఆరు నెలలు. నాకు పెళ్ళి కాలేదు. అమ్మా నేనూ ఉండేవాళ్ళం, ఇక నేనే. కాబట్టి ఎక్కడికి వేసినా ఒకటే అనుకున్నాను. ఒకటి కాదని అవనిగడ్డలో మేడమీద గది అద్దెకి తీసుకున్న మొదటి వారంలోనే తెలిసింది. ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పోయాలో చెయ్యికి అలవాటు కాలేదు. రోజూ అన్నం మిగిలేది. పొద్దున్నే దాంట్లో నిమ్మకాయ రసం కలిపి, డబ్బాలో పెట్టుకుని బడికి వెళ్ళేదాన్ని.

బడి ఆటోలో అరగంట దూరం. ఏడో తరగతిలో ఆరుగురే పిల్లలు. హెడ్మాస్టరుగారు బందరు నుంచి వచ్చిపోయేవారు. సాయంత్రం బెల్లు కొట్టగానే బస్సు కోసం పరుగు. ఆయన వెళ్ళిపోయాక నాతో మాట్లాడేవాళ్ళు మళ్ళీ మర్నాడు ఈ ఆరుగురే. కొన్ని శనివారాలు మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటిదాకా నా గొంతు నేనే వినలేదు.

కరెంటు పాఠం వచ్చింది. నాకు ఇష్టమైన పాఠం. టార్చిలైటు బల్బులు, సెల్లులు, వైర్లు అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళాను. అట్టముక్కకి రెండు డ్రాయింగ్ పిన్నులు గుచ్చి, మధ్యలో జెమ్ క్లిప్పు పెడితే స్విచ్. క్లిప్పు రెండో పిన్నుకి తగిలితే దారి కలుస్తుంది, బల్బు వెలుగుతుంది. తప్పిస్తే ఆరిపోతుంది. ఇంట్లో ప్లగ్గుల జోలికి మాత్రం వెళ్ళకూడదని పిల్లల చేత మూడుసార్లు చెప్పించాను. మొదటి బల్బు వెలిగినప్పుడు ఆ ఆరుగురూ వేసిన కేకకి పక్క తరగతివాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చేశారు.

మర్నాడు నీళ్ళ ప్రయోగం. మూడు సెల్లులు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, గ్లాసులో విడివిడిగా ముంచిన రెండు వైరు కొసలు. గుడివాడలో మామూలు నీళ్ళకి వెలిగీ వెలగనట్టు ఉండేది. చెంచాడు ఉప్పు వేశాక బాగా వెలిగేది. ఇక్కడ బడి బోరింగు నీళ్ళు పట్టుకొచ్చి వైర్లు ముంచానో లేదో, ఉప్పు వెయ్యకుండానే వెలిగింది.

"చూశారా, మీ ఊరి నీళ్ళలోనే ఉప్పుంది!" అన్నాను. సంబరంగానే అన్నాను.

కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. ఎప్పుడూ ప్రశ్న అడిగే పిల్ల కాదు.

"టీచర్, రొయ్యల చెరువు నీళ్ళకి కూడా వెలుగుద్దా?"

"వెలగకేం? వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఇంతకంటే బాగా వెలుగుతుంది," అన్నాను. మంచి ప్రశ్న అడిగిందని మిగతావాళ్ళ చేత చప్పట్లు కూడా కొట్టించాను. చప్పట్లు సగంలోనే ఆగిపోయాయి. ఆ పిల్ల సంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ముందు బెంచీ పిల్ల నెమ్మదిగా చెప్పింది. "వాళ్ళ నాన్న రొయ్యల చెరువు మీద పనికెళ్ళి అందులోనే చచ్చిపోయాడు టీచర్. నీళ్ళు చిలికే ఫ్యాన్లుంటాయి గదా, దాని వైరు తెగి నీళ్ళలో పడిందంట. చూసుకోకుండా దిగాడు."

వచ్చి నాలుగు నెలలైనా నాకు ఆ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. రేకుల ఇల్లు. తల్లి అరుగు మీద చాప వేసింది. నేను క్షమాపణ చెప్పబోతే ఆవిడ వారించింది.

"మీకేం తెలుసండీ. అది ఏడవలేదు టీచరుగారూ. ఇంటికొచ్చిన కాణ్ణుంచి ఒకటే మాట అడుగుతోంది, నీళ్ళలోనే కరెంటు పారితే మరి నాన్న తాగాడని ఎందుకన్నారని. ఆయన తాగి దిగాడని చెరువుగలాయన మనుషులు ఊరంతా చెప్పారండి. తాగి పడిపోయాడు, కరెంటు తప్పేం లేదన్నారు. ఆయనకి అలవాటే లేదండీ. నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

ఆ పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. దగ్గరికి రమ్మంటే రాలేదు. "రేపు బడికి వస్తావా?" అని అడిగితే తల ఊపింది.

వచ్చింది. చేతిలో రెండు సీసాలు. ఒకదానిలో తాగే కాలవ నీళ్ళు, రెండోదానిలో చెరువు నీళ్ళు. వైర్లు తనే పట్టుకుంటానంది. నేను ముట్టుకోలేదు. కాలవ నీళ్ళకి ఎల్‌ఈడీ మినుకుమంది, కళ్ళు చికిలించి చూస్తే గానీ తెలియలేదు. చెరువు నీళ్ళకి గదిలో అందరికీ కనిపించేటంత ఎర్రగా వెలిగింది. ఆ పిల్ల వైర్లు తీసి, తుడిచి, మళ్ళీ ముంచింది. మళ్ళీ తీసింది. ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు.

"మరి మా నాన్న తాగలేదు గదా టీచర్?"

అవునని అనెయ్యాలనిపించింది. కానీ ఆ గ్లాసు చెప్పేది అది కాదు.

"ఆయన తాగాడో లేదో ఇది చెప్పదమ్మా. తెగిన వైరు పడ్డ ఆ నీళ్ళలో దిగితే ఎంత మెలకువగా ఉన్న మనిషికైనా అలాగే జరుగుతుందని చెబుతుంది. తాగక్కర్లేదు."

వైర్లు గ్లాసు పక్కన పెట్టింది. "అయితే అది రాసివ్వండి. మా అమ్మకి చదివి వినిపిస్తా."

నోటుపుస్తకంలో కాగితం చింపి నాలుగు వాక్యాలు రాసిచ్చాను. మడత పెట్టి జామెట్రీ పెట్టెలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం అవనిగడ్డ సెంటర్లో ఆటో దిగి, గదికి వెళ్ళాలనిపించక కాలవ గట్టున చాలాసేపు నిలబడ్డాను. పూర్వమైతే అమ్మకి చెప్పేదాన్ని. అమ్మ పప్పులో రాళ్ళేరుతూ "ఆఁ, తర్వాత?" అనేది. ఫోనులో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. ఎవరికి చేసినా మొదటినుంచీ చెప్పుకురావాలి. అమ్మ పోయిన సంగతే కొందరికి ఇంకా తెలియదు. ఫోను సంచీలో పడేశాను.

ఎండాకాలం సెలవుల ముందు తల్లీకూతుళ్ళు పమిడిముక్కల వైపు, ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయారు. టీసీ తీసుకోవడానికి ఇద్దరూ వచ్చారు. ఆ కాగితం వాళ్ళకి ఎంతవరకు పనికొచ్చిందో అడగలేకపోయాను. ఆవిడే అంది, "అది చదివినప్పుడు, మంచం పట్టిన మా అత్తగారు లేచి కూర్చుందండీ. ఆయన పోయాక అంతసేపు కూర్చోడం అదే." పిల్ల "వస్తాం టీచర్" అంది. తర్వాత వాళ్ళ కబురు లేదు.

మరుసటి ఏడు మళ్ళీ అదే పాఠం. ఏడో తరగతిలో ఈసారి తొమ్మిదిమంది. నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాక ఆగాను. "మీ ఇళ్ళల్లో ఎవరికైనా కరెంటు వల్ల ఏమైనా జరిగిందా?" అని అడిగాను. రెండు చేతులు లేచాయి. వైర్లు పక్కన పెట్టి, కుర్చీ వాళ్ళ బెంచీ దగ్గరికి లాక్కున్నాను. ఆ పీరియడంతా వాళ్ళు చెప్పారు, నేను విన్నాను. చివర్లో ఒక పిల్ల, "మీ ఇంట్లో ఎవరెవరుంటారు టీచర్?" అని అడిగింది. ఆ ఊరు వచ్చాక ఆ మాట నన్ను అడిగింది ఆ పిల్లే.

"మా అమ్మ ఉండేది," అని మొదలుపెట్టాను.