బావ చెయ్యెత్తిన చోటు

మిట్టమధ్యాహ్నం. తుంపర పడీపడనట్టు పడుతోంది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు, పేగులు అరుస్తున్నాయి. అయినా బావమరిది లారీలోంచి ముందు బావ యాంప్లిఫయర్ పెట్టెనే దించాడు. డ్రమ్ములున్నాయి, స్పీకర్లున్నాయి, చుట్టలు చుట్టలుగా వైర్లున్నాయి. అవన్నీ తడిసినా తుడుచుకోవచ్చు. ఈ పెట్టె తడిస్తే ఇవాళ్టి పని ఇక్కడే ఆగిపోతుంది.

"మెల్లిగారా, అందులో ప్రాణాలున్నాయి," అన్నాడు బావ, హాలు వెనక తలుపు దగ్గర నిలబడి.

"ఉన్నాయి బావా, నావే. నడుం దగ్గర్నుంచి ఒక్కొక్కటే అందులోకి పోతున్నాయి."

అక్కను చేసుకునేనాటికే బావ స్టూడియోల్లో గిటార్ వాయించేవాడు. బడి మానేసి ఊరికే తిరుగుతున్న తమ్ముణ్ణి చూడలేక అక్క పోరు పెడితే, సామాన్లు మొయ్యడానికి పెట్టుకున్నాడు. స్టూడియోలో అందరూ అతన్ని 'బావమరిది' అనే పిలిచేవాళ్లు. "నేను మీ అందరికీ బావమరిదినైతే మా అక్క సంగతేంటయ్యా?" అని మొదట్లో కసురుకునేవాడు. తర్వాత్తర్వాత కసురుకునే ఓపిక కూడా పోయింది.

ఎన్ని పాటలకు వాయించాడో బావకే గుర్తులేదు. రికార్డు అట్ట మీద పాడినవాళ్ల పేరుండేది, బాణీ కట్టినవాళ్ల పేరుండేది. వెనక కూర్చుని వాయించినవాడి పేరు ఎవరిక్కావాలి? టీ కొట్టులో రేడియోలో ఆ పాట వస్తే బావ గ్లాసు దించి, "ఇదిగో, ఇప్పుడొచ్చేది నేనే," అనేవాడు.

"నువ్వేనా? మరి నా బెంచీ మీద కూర్చుందెవరు?" అనేవాడు టీ కొట్టాయన. అందరూ నవ్వేవాళ్లు. బావా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం కంచంలో అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కునేవాడు.

కొన్నాళ్లుగా ఆయన ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. పొద్దున్నే గిన్నెడు వేడినీళ్లలో నానబెడితే గానీ మడత పడవు. డ్రమ్ములాయనకూ బేస్ గిటారాయనకూ ఆ సంగతి తెలుసు. ముగ్గురూ పక్కపక్క కుర్చీల్లో ఇంకొకరి పాటలకు వాయిస్తూ ముసలివాళ్లయినవాళ్లే. ఆ వేళ్లు పూర్తిగా మొరాయించకముందే తమకోసం ఒక్కసారి వాయించుకుందామనుకున్నారు. బ్లూస్ రాక్, దిగులునంతా గిటార్ మీద పలికించే పాశ్చాత్య సంగీతం. హాల్లో, జనం ముందు వాయిస్తూ, అక్కడికక్కడే రికార్డు చెయ్యాలి. అట్ట మీద ముగ్గురి పేర్లు, అన్నిటికన్నా పైన బావది.

"ఒక్కటి చాల్రా," అన్నాడు బావ ఆ మధ్యాహ్నం, వేడినీళ్లలో చెయ్యి ముంచి. "ఇది నేను అని చూపించుకోడానికి ఒక్కటుంటే చాలు."

సాయంత్రానికి హాలు నిండింది. బావమరిది తెర చాటున వైర్ల పక్కన కూలబడ్డాడు. మొదటి పాటలు బాగానే నడిచాయి. తర్వాత బావ ఒక్కడే వాయించే పెద్ద ముక్క ఉన్న పాట ఎత్తుకున్నారు. బరువు మోసేవాడు మెట్లెక్కినట్టు డ్రమ్ము అడుగులో అడుగు వేస్తోంది. బావ తీగను పట్టి పైకి లాగాడు. ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మనిషి మూలిగినట్టుంది. ఇన్నేళ్లు ఆయన పెట్టె మోసిన బావమరిదే ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు. ఆకలి మర్చిపోయాడు.

స్టూడియోలో వాళ్లకో కట్టుబాటుంది. తప్పు వాయించినవాడు అక్కడే ఆపి చెయ్యెత్తాలి. ఆ చెయ్యి కనబడగానే మిగతావాళ్లూ ఆపెయ్యాలి. దాచుకుని ముందుకు పోతే అందరి కష్టమూ దండగ. మళ్లీ మొదలుపెడతారు, ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. మిగతా ఇద్దరికీ దాన్ని నేర్పింది బావే.

సరిగ్గా ఆ ముక్క మధ్యలో బావ వేలు జారింది. ఒక స్వరం పక్కకు పోయింది. సర్దుకుని వాయించేస్తే హాల్లో ఎవరికీ తెలిసేది కాదు. కానీ బావ చెయ్యెత్తాడు.

డ్రమ్ము ఆగింది. బేసూ ఆగింది. ఎవరో నోరు మూసినట్టు పాట టక్కున ఆగిపోయింది.

బావ తలెత్తి ఎదురుగా చూశాడు. స్టూడియోలో అయితే అక్కడ అద్దం ఉంటుంది. అద్దం వెనక నుంచి 'ఇంకోసారి' అని రికార్డిస్టు గొంతు వినబడుతుంది. ఇక్కడ అద్దం లేదు. జనమున్నారు.

పాట అయిపోయిందనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. "ఏంటి తాతా, కరెంటు పోయిందా?" అన్నాడు వెనక వరసలోంచి ఒకడు. నవ్వులు లేచాయి. డ్రమ్ములాయన కర్రలు తాటించి మళ్లీ ఎత్తించాడు. బావ వాయించాడు గానీ, పరాయి ఇంట్లో నిద్రపోతున్నవాళ్లను లేపకుండా నడిచినట్టు వాయించాడు.

తర్వాత స్టూడియోలో రికార్డిస్టు తేలిగ్గా చెప్పాడు. "దీనికెందుకు సార్ దిగులు? ఆగిన చోటు కోసేస్తా. ఆ ముక్క మళ్లీ వాయించండి, అతికిస్తా. మనం రోజూ చేసేదేగా."

బావ కూర్చున్నాడు. వాయించాడు, చెయ్యెత్తాడు. మళ్లీ వాయించాడు, మళ్లీ ఎత్తాడు. బావమరిది నీళ్లు వేడిచేసి తెస్తూనే ఉన్నాడు. చివరికి బావ చెయ్యెత్తడం కూడా మానేసి, దాన్ని తనది కానట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు డ్రమ్ములాయన నేల చూస్తూ, "పక్క గదిలో ఒక గిటారాయనున్నాడు, వేరే పనికొచ్చాడు. నిన్ను వినే నేర్చుకున్నాడట. అడగమంటావా?"

బావ గిటార్ తీసి పక్కన పెట్టి, "అడుగు," అన్నాడు.

ఆ మనిషి వచ్చి కుర్చీ చివర కూర్చున్నాడు. "మీ ముందు నేనేంటి సార్," అని నసిగాడు.

"పర్లేదు, వాయించు. తొందరపడకు, నెమ్మదిగా పోయే పాట."

ఒక్కసారికే వాయించేశాడు. చెయ్యి లేవలేదు.

"బాగుంది. తప్పు లేదు," అన్నాడు బావ.

మూల వైరు చుడుతున్న బావమరిది ఉండబట్టలేక, "మరి ఈయన పేరెక్కడ వేస్తారు?" అన్నాడు. డ్రమ్ములాయన కర్రలు సర్దుకోసాగాడు. ఆ గిటారాయనే నవ్వేసి, "పేరెందుకన్నా? మన పనే అది కదా," అన్నాడు. బావ లేచి, గిటార్ తీసుకుని బయటికి నడిచాడు.

ఇంటికి వెళ్లే దారిలో బావ అన్నది ఒక్కటే. "మీ అక్కకు చెప్పకు."

రికార్డు వచ్చిన రోజు అక్క పక్కింటివాళ్లందరినీ పిలిచింది. అట్ట మీద పేరును కొంగుతో తుడిచి తుడిచి చూపించింది. ఆ పాట రాగానే, "ఉష్, మాట్లాడకండి. ఇప్పుడొచ్చేదంతా మా ఆయనే," అంది.

"ఎంత బాగా వాయించారండీ! గుండె పిండేశారు," అంది పక్కింటామె.

కిటికీ దగ్గర కూర్చున్న బావ కుడిచేత్తో ఎడమచేతి వేళ్లు నొక్కుకుంటూ, "అవునండీ," అన్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, మళ్లీ పెట్టరా," అంది అక్క. బావమరిది బావ వైపు చూడకుండా మళ్లీ పెట్టాడు. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాడు.

మర్నాడు పొద్దున బావమరిది వచ్చేసరికి వీధి తలుపు తీసే ఉంది. గిటార్ గోడకు ఆనించి ఉంది. యాంప్లిఫయర్ పెట్టె దాని చోట అదుంది. గుమ్మంలో బావ చెప్పులు లేవు. లోపల ఆ పాటే మోగుతోంది.

"పాలకెళ్లినట్టున్నార్రా, ఒక్క మాట చెప్పకుండా. కూర్చో, వచ్చేస్తారు," అంది అక్క వంటింట్లోంచి, పాటతో పాటు కూనిరాగం తీస్తూ.

బావమరిది కూర్చోలేదు, వంటింట్లోకి వెళ్లాడు. పాలచెంబు గూట్లోనే ఉంది. పొయ్యి పక్కన, రోజూ ఈ వేళకు ఆవిరి కక్కే వేడినీళ్ల గిన్నె బోర్లించి ఉంది. ముట్టుకుని చూశాడు. పొడిగా ఉంది.