సున్నా అంచున పది పేర్లు

అక్క చెయ్యి అలవాటు కొద్దీ డబ్బా మూత అందుకుంది. వార్డు ఎన్నికకు వేసే నామినేషన్ కాగితం మీద, బలపరిచేవాళ్లు సంతకాలు పెట్టే చోట మూత బోర్లించి, చుట్టూ పెన్సిలు తిప్పింది. భోజనాల గంటకు కుట్టుపని షెడ్డులోంచి వచ్చిన పదిమంది ఆడవాళ్లు ఆ సున్నా అంచున తలో సంతకం పెట్టి వెళ్లారు.

పదేళ్లుగా వాళ్ల అర్జీలన్నీ అంతే. సున్నాలో ముందెవరో వెనకెవరో యజమానికి తెలియదు. అందుకే ఆమెను అందరూ సున్నాలక్క అంటారు.

అంతకుముందు ఒక్క అర్జీ మాత్రం సంతకాలు వరసగా పెట్టేలా రాశారు, నిప్పంటుకుంటే బయటపడేందుకు షెడ్డు వెనక తలుపు తాళం తీయమని. "నీ రాత బాగుంటుందిరా, ముందు నువ్వు పెట్టు" అని తమ్ముడి చేతిలో కలం పెట్టింది తనే. వాడు పెట్టాడు. రెండో సంతకం పడలేదు. మర్నాడే వాణ్ణి పనిలోంచి తీసేశారు. ఏ షెడ్డూ గడప తొక్కనివ్వలేదు. కత్తెర వదిలిన చెయ్యి సీసా పట్టింది. మూడేళ్లకు పోయాడు. అప్పటినుంచి ఇంట్లో కాగితం కనబడితే అమ్మ ముఖం తిప్పుకుంటుంది.

ఆ తాళం ఇంకా అలాగే ఉంది. షెడ్లకు అనుమతులిచ్చేది వార్డు సభ్యులు. అక్క పోటీకి దిగింది అందుకే.

"ఇవి సంతకాలా తల్లీ, పూలదండా?" అన్నాడు ఎన్నికల ఆఫీసు గుమాస్తా. "వరసగా ఉండాలి. మొదటి పేరెవరిదో తెలియాలి. మూడింటికి తలుపేస్తాం." పది గడులున్న కొత్త కాగితం చేతిలో పెట్టాడు.

రెండున్నరకు టీ గంట కొట్టారు. మళ్లీ పదిమందీ షెడ్డు గేటు దగ్గరికి వచ్చారు.

"నేను రెండో గడిలో పెడతానక్కా."

"నాకు మూడు."

"నాకు ఆఖరిది ఉంచండే, పిల్లలున్నదాన్ని."

"ఒకటోది మన సూపర్‌వైజరుకిద్దాం. అన్నిట్లో తనే ముందుండాలిగా!" అంది కాజాలు కుట్టే ఆమె. ఎవరూ నవ్వలేదు.

అక్క ఎవరినీ బతిమాలలేదు. ఒకసారి అడిగి ఒకణ్ణి పోగొట్టుకుంది.

గేటుకెదురుగా తమ ఇంటి మెట్టు మీద అమ్మ చొక్కాకు గుండీలు కుడుతోంది. ముడి వేసి, దారం పళ్లతో తెంపి, లేచి వచ్చింది.

"ఇలా తే."

"నీకెందుకమ్మా..."

"నాకూ ఈ వార్డులోనే ఓటుంది. నన్ను ఏ పనిలోంచి తీస్తారు? ఎక్కడ పెట్టను?"

"మొదటి గడిలో."

"వాడు పెట్టిన చోటా?"

అక్క కలం అందించింది. అమ్మ ఒక్కో అక్షరం గుండీ కుట్టినట్టు గట్టిగా కూర్చింది. "వాడి కింద ఎవరూ పెట్టలేదు" అంటూ, ఎవరి వైపూ చూడకుండా కలం చాచింది.

కాజాలు కుట్టే ఆమె అందుకుంది. తర్వాత ఒకరి కింద ఒకరు. ఆఖరి గడి అడిగినామెకు చోటు మిగల్లేదు. కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మూడింటికి అయిదు నిమిషాలుండగా గుమాస్తా వేలు మొదటి పేరు దగ్గర ఆగింది.

"ఈవిడెవరు?"

"మా తమ్ముడి తల్లి" అంది అక్క.

అతను ముద్ర వేసి కాగితం తీసుకున్నాడు.