తనంతట తాను కొట్టిన ఫ్లాష్

ఆళ్ళగడ్డలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. పెండ్లిళ్ళన్నీ నాకంటే ముందు వచ్చినవాళ్ళు పంచుకున్నారు. పుట్టినరోజులు సెల్‌ఫోన్ల పాలయినాయి. నాకు మిగిలినవి సావులు. ఫోటో బాగాలేదని వెనక్కి వచ్చే కస్టమరు ఈ లైన్లో ఉండడని మొదట్లో ధైర్యంగా ఉండేది. వచ్చేది కస్టమరు కాదు, కస్టమరు కూతురని తర్వాత తెలిసింది.

మా వైపు కొన్ని పాత సేద్యగాళ్ళ ఇండ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయాక స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, కుర్చీలో కూర్చోబెడతారు. నోరు తెరుచుకోకుండా గడ్డం కిందినుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టు కడతారు. ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఒక ఫోటో తీయించుకుంటారు. ఆ మనిషికి అదే చివరి ఫోటో. కొందరికి మొదటిది కూడా అదే.

కెమెరా నెత్తిన పెట్టిన ఫ్లాష్‌తో ఎదురుగా కొడితే బతికినవాళ్ళే పోయినట్టు పడతారు. ఇక పోయినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. అదే వెలుగును పక్కనుంచి, తెల్ల గొడుగులోంచి పంపితే చెంప మీద కాస్త నీడ పడుతుంది, ముక్కు ముక్కులాగా లేస్తుంది, మనిషి ఏదో ఆలోచన చేస్తా కూర్చున్నట్టు ఉంటుంది. ఇంటివాళ్ళకు కావలసింది అంతే.

అయితే ఫ్లాష్‌ను దూరంగా పెడితే కెమెరా మాట దానికి చేరే దారి ఒకటి ఉండాలి. మొదట వైరు వాడినాను. ఒక సావింట్లో, ఏడుస్తా వచ్చిన పెద్దమనిషి కాలికి ఆ వైరు తగులుకుని, స్టాండూ గొడుగూ పోయి శవం ఒళ్ళో పడ్డాయి. ఆ ఇంటికి మళ్ళీ ఎవరూ నన్ను పిలవలేదు. తర్వాత, ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి తానూ వెలిగే రకం కొన్నాను. దానికి నాదీ పరాయిదీ తేడా లేదు. చుట్టాల్లో ఒకడు చిన్న కెమెరా పట్టుకొస్తే చాలు, నా ఫ్లాష్ వాడికి ఊడిగం చేసేది.

చివరికి నంద్యాల బస్సెక్కినాను, రేడియోతో పనిచేసే ట్రిగ్గర్ల కోసం. ఒక డబ్బీ కెమెరా మీద, ఇంకో డబ్బీ ఫ్లాష్ కింద. ఇది పిలిస్తే అది పలుకుతుంది. అంగడాయన గాజుబల్ల మీద మూడు రకాలు పరిచినాడు.

"దేనికన్నా, పెండ్లిళ్ళకా?"

"సావులకు."

ఆయన ఖరీదైనదాన్ని మర్యాదగా తీసి లోపల పెట్టేసినాడు. "సావులకైతే ఈ చిన్నది సాలు. ఎప్పుడన్నా ఒకసారి కొట్టదు, అంతే."

"అప్పుడేం చేసేది?"

"ఇంకోసారి నొక్కుకో. పెండ్లిలోనంటే తాళి రెండుసార్లు కట్టించల్యావు. ఆడ ఎవురికి తొందర?"

నొక్కితే కొట్టకపోవడం గురించి అడిగినానే గానీ, నొక్కకుండానే కొడుతుందా అని అడగాలని నాకు తోచలేదు. బీఎస్సీలో ఫిజిక్సు చదివినవాడికి తోచి ఉండాల్సింది.

పోయిన వానాకాలం ఒక పొద్దున, రుద్రవరం దాటినాక వచ్చే ఒక పల్లె నుంచి ఫోను. మాట్లాడింది పోయినామె కూతురు. ఏడుపు అప్పటికే అయిపోయిన గొంతు.

"అన్నా, మాయమ్మ ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా ల్యాదు. నువ్వు తీసేదే."

నేను ఆ ఇంటికి చేరినాక సంగతంతా చెప్పింది. వాళ్ళమ్మ జన్మలో ఫోటోకు నిలబడలేదు. కూతురి పెండ్లి ఆల్బమ్‌లో ఆమె ఉండాల్సిన ప్రతిచోటా ఒక అరచెయ్యి, దాని వెనక గాజులు. ఆధార్ కార్డులో ఉంది గానీ, అందులో ఆమెను గుర్తుపట్టేది సర్కారొక్కటే.

నడిమింట్లోకి పోతే పగలే చీకటి. బయట ముసురు, లోపల ఉన్న ఒక్క కిటికీకి శనక్కాయ మూటలు అడ్డం. ట్యూబులైటు నడినెత్తిన ఉండి ఆమె కండ్ల చోట రెండు గుంతలు తవ్వింది. అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టె గోడవారన ఖాళీగా గుర్రుమంటోంది. అందులోంచి తీసి ఆమెను అప్పుడే కుర్చీలో కూర్చోబెట్టినారు. ముఖం మీద ఇంకా సన్నగా తేమ.

ఎడమ పక్కన స్టాండు నిలబెట్టి, గొడుగు విప్పి, ఫ్లాష్ ఆన్ చేసినాను. కెమెరా డబ్బీ కోసం సంచిలో వెదుకుతున్నాను. ఫ్లాష్ కొట్టింది.

ఒక్క క్షణం ఆమె ముఖం తెల్లగా వెలిగి ఆరిపోయింది. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపినారు.

"తీసినావాప్పా?" అన్నాడు కుర్చీ పక్కనున్న పెద్దాయన. పోయినామెకు అన్న.

"లేదు పెద్దాయనా. సరిచూస్తాండా."

అది అబద్ధం. సరిచూసే డబ్బీ ఇంకా సంచిలోనే ఉంది, స్విచ్చి ఆపేసి. నేను ఆ మాట అంటుండగానే ఫ్లాష్ ఇంకోసారి కొట్టింది.

భయపడడానికి ముందు చదువుకున్నవాడు కారణాలు వెదకాలి. ఈ చవక ట్రిగ్గర్లకు ఉండేవి నాలుగే చానెళ్ళు. దగ్గర్లో ఇంకో ఫోటోగ్రాఫరు అదే చానెల్లో నొక్కుతుంటే నా ఫ్లాష్ వాడికి పలుకుతుంది.

"ఊర్లో ఏమన్నా పెండ్లి జరుగుతాందా?" అని అడిగినాను.

పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూసినాడు. "సావింటికొచ్చి పెండ్లి యాడుందని అడుగుతాండావా? ఊరంతా ఈడనే ఉండాది."

చానెల్ మార్చినాను. కొట్టింది. ఫ్రీజర్ మోటారు ఆగి తిరిగి మొదలైనప్పుడు కరెంటులో ఏదైనా గోల పుట్టి ట్రిగ్గర్‌ను రేపుతోందేమో అనిపించి, పెట్టె ప్లగ్గు పీకించినాను. గుర్రుమనే చప్పుడు పోయింది. అంతసేపూ అది ఉందన్న సంగతి అది పోయినాకే తెలిసింది. ఇంట్లో వాన చినుకుల చప్పుడు, కుర్చీ దగ్గర పెట్టిన దీపం. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. నేను ఫ్లాష్‌ను చూస్తున్నాను.

కొట్టింది.

"సాలప్పా," అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "అమ్మికి ఇష్టం ల్యాదు. బతికినన్ని దినాలూ నోటితో వద్దనింది. ఇప్పుడు నోరు కట్టినాం గదా, ఇట్ల చెప్తాంది."

గదిలో తలలు ఊగినాయి. నా దగ్గర ఫిజిక్సు ఉంది గానీ, ఆ పూట దానికి అక్కడ ఓటు లేదు.

"ఒక్కటి మామా," అంది కూతురు.

"వద్దంటాంది గదమ్మీ!"

"నాతో అనల్యా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు తీయన్నా."

డబ్బీ కెమెరాకు తొడిగి నొక్కినాను. ఫ్లాష్ కొట్టలేదు. మూడుసార్లు నొక్కినాను. మూడు నల్లటి ఫోటోలు, ప్రతిదాంట్లో ఒక దీపం చుక్క. నేను కెమెరా దించగానే, పలకరించినట్టు ఒకసారి కొట్టింది.

విసిగిపోయి ఫ్లాష్‌ను ఊడదీసి కెమెరా నెత్తినే పెట్టి కొట్టినాను. అక్కడ ట్రిగ్గరుతో పనిలేదు, బుద్ధిగా వెలిగింది. తెర మీద చూపించినాను. ఎదురు వెలుగుకు ముఖం పిండిముద్దలా చదునై, పూర్తిగా మూతపడని రెప్పల సందున రెండు తెల్లటి గీతలు మెరుస్తున్నాయి. కూతురు చూసి, కెమెరాను మెల్లగా నా చేతిలోనే వెనక్కి నెట్టింది.

"ఈమె మాయమ్మ కాదన్నా."

బయటినుంచి ఎవరో కేకేసినారు, పాడె కట్టడం అయిపోయింది, ఇంకెంతసేపని. పెద్దాయన "వస్తాండాం, ఒక ముడి మిగుల్సుకోండి" అన్నాడు. ఆ ఒక్క ముడి వేసేంత టైము నాకు దొరికింది.

అప్పుడు నాకొకటి తోచింది. నేను పిలిస్తే అది పలకడం లేదు. సరే, అది పలికేటప్పటికి నేను సిద్ధంగా ఉంటే పోతుంది. ఫ్లాష్‌ను మళ్ళీ గొడుగు కిందికి చేర్చినాను. కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద బిగించి, ట్యూబులైటు ఆర్పించి, వాకిలి తలుపు ఓరగా వేయించినాను.

"షట్టరు, అంటే కెమెరా కన్ను, తెరిచి పెడ్తాండా. మళ్ళా మూసేదాకా ఎవురూ కదలొద్దండి. ఫ్లాష్ ఎప్పుడు కొడితే అప్పుడే ఫోటో."

"ఎవురు కొట్టేది?" అని అడిగింది కుర్చీ వెనకనుంచి ఒక ముసలామె.

షట్టరు తెరిచినాను.

అంతకుముందు ఆగకుండా కొట్టిన ఫ్లాష్ ఇప్పుడు కొట్టదు. మనసులో లెక్కపెట్టుకుంటూ ఇరవై దాకా పోయి మానేసినాను. చీకట్లో ఊపిర్లు వినబడుతున్నాయి. ఎవరిదో గాజు గలగలమంది. ఉన్నవాళ్ళకంటే ఒక ఊపిరి ఎక్కువ ఉందేమో అని లెక్కపెట్టాలనిపించి, వద్దనుకున్నాను.

కూతురు కుర్చీ పక్కన వంగినట్టు తెలిసింది.

"అమా, ఒక్కటే," అంది, పక్కింటికి పోయి చక్కెర అడిగినంత మామూలుగా. "చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. మళ్ళా అడగను."

కొట్టింది.

నేను షట్టరు మూసినాను. తలుపు తీసినారు. ఆ తర్వాత నేను ఫ్లాష్ ఆపేదాకా అది ఇంకోసారి వెలగలేదు. ఎందుకని ఇప్పటికీ నాకు తెలియదు. అదే ట్రిగ్గరుతో తర్వాత ఎన్నో ఇండ్లలో తీసినాను, నొక్కితేనే కొట్టింది.

తెర మీదికి ఫోటో వచ్చింది. కదలొద్దంటే కదలకుండా ఉండడం బతికినవాళ్ళ వల్ల కాదు. ఊపిరి తీసుకుంటారు, దోమను తోలుకుంటారు, కన్నీళ్ళు తుడుచుకుంటారు. షట్టరు తెరిచినంతసేపూ తలుపు సందు వెలుతురు అవన్నీ పట్టుకుంది. పెద్దాయనకు రెండు తలలు పడినాయి. ముసలామెలోంచి వెనకున్న శనక్కాయ మూటలు కనబడుతున్నాయి. కూతురి ముఖం ఉండాల్సిన చోట ఒక పొగ. అందరి నడుమ ఆమె ఒక్కతే నిలకడగా ఉంది. గడ్డం మీది పుట్టుమచ్చ, నుదుటి గీతలు, కట్టుగుడ్డ నేతలో పోగు పోగూ. ఆ గదిలో పోయింది ఎవరని తెలియనివాడు చూస్తే, ఆమెను మాత్రం అనుమానించడు.

పెద్దాయన చూసి రెండడుగులు వెనక్కి వేసినాడు. "ఇంకోటి తీయప్పా" అనబోయి, ఫ్లాష్ వైపు చూసి ఊరుకున్నాడు. కూతురు మాత్రం చాలాసేపు చూసింది. "మాయమ్మే" అంది. తర్వాత ఆమెను ఎత్తుకుపోయినారు.

పెద్దకర్మ ముందురోజు కూతురు ప్రింటు కోసం ఆళ్ళగడ్డ వచ్చింది. రెండు ప్రింట్లు వేసి పెట్టినాను. మొత్తం ఫోటో ఒకటి, చుట్టూ ఉన్నవాళ్ళను కత్తిరించి వాళ్ళమ్మను మాత్రమే పెద్దది చేసింది ఇంకోటి. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూసింది. రెండోదాన్ని సంచిలో పెట్టుకుని, మొదటిదాని దగ్గర ఆగింది.

"దీంట్లో మేమెవురమో తెలీడంల్యా, అన్నా."

"ఊ. అది నేను సరిచేయల్యాను."

"ఉండనీలే." దాన్నీ తీసి, వాన తగలకుండా కవర్లో చుట్టింది. "మమ్మల్ని ఎప్పుడన్నా తీయొచ్చు."