పదమూడు వేల అడుగుల మాట

సూరత్‌లోని ఉధ్నాలో లక్ష్మీరాజం ఎవరంటే ఎవరూ చెప్పలేరు. చెవిటి రాజన్న అంటే మాత్రం గల్లీ మొదట్లోని పాన్‌డబ్బా వాడు కూడా వేలు పెట్టి ఇల్లు చూపిస్తాడు. నిజానికి ఆయన పూర్తి చెవిటివాడు కాదు. ముప్పై నాలుగేళ్లు కరెంటు మగ్గాల మధ్య నిలబడ్డవాడికి ఎంత వినపడాలో అంతే వినపడుతుంది. ఆ మగ్గాన్ని మనవాళ్లు సాంచె అంటారు, సాంచాలుండే షెడ్డును ఖాతా అంటారు. ఒక్క ఖాతాలో డెబ్భై సాంచాలు ఒకేసారి ఆడుతుంటే నోటితో పనేముంది? అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగితే ఒక సైగ, చాయ్ తాగుదామంటే ఒక సైగ. సేఠ్ వస్తున్నాడని చెప్పడానికి పొట్ట ముందు గుండ్రంగా చెయ్యి తిప్పితే చాలు.

ఆయనది మెట్‌పల్లి వైపు ఊరు. పందొమ్మిదో ఏట సూరత్ రైలెక్కాడు, మళ్లీ ఏ కొత్త ఊరి రైలూ ఎక్కలేదు. యాభై మూడేళ్ల మనిషి, దారాల ధూళి పీల్చి పీల్చి పది మెట్లకే ఈల వేసే ఊపిరి. అలాంటివాడు హిమాలయాల్లో పదమూడు వేల అడుగులు ఎక్కుతానని బయలుదేరాడంటే గల్లీ ఊరుకుంటుందా? ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట అని నవ్వారు. ఆ నవ్వు ఆయనకు సగమే వినపడింది కాబట్టి సగమే బాధపడ్డాడు.

కారణం తెలిసినవాళ్లు నవ్వలేదు. పోయిన దీపావళికి పది రోజుల ముందు ఆయన భార్య ప్రమీల చనిపోయింది. నలభై ఆరేళ్లు. ఇంట్లో చీరల కుప్ప ముందు కూర్చుని దారపు కొసలు కత్తిరిస్తూ పక్కకు ఒరిగిపోయింది. మూడోనాడు తాపీ నది ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అన్నం, కోడికూర, పచ్చిపులుసుతో పాటు ఆమె ప్రాణం పెట్టే శనగపిండి టిఫిన్, సూరతీ లోచో కూడా వడ్డించారు. కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది.

అప్పుడు మాటలివ్వడం మొదలైంది. "నీ బిడ్డ పెండ్లి మంచిగ చేస్తం అక్కా" అన్నాడు ఆమె తమ్ముడు వరప్రసాద్. కాకి దిగలేదు. "బిడ్డను తల్లి లెక్క సూసుకుంట, నువ్వు రంధి పెట్టుకోకు" అంది పక్కింటి గంగవ్వ. దిగలేదు. అందరూ లక్ష్మీరాజం వైపు చూశారు. ఆయన గొంతులో ఒక మాట ఉంది. అది అంతమందిలో పైకి రాదు, కిందికి పోదు. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"నిన్ను మంచుకొండలకు తీస్కపోత ప్రమీలా. సప్పుడు లేని జాగకు తీస్కపోత."

అని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. గంగవ్వ. "ముట్టింది రాజన్నా, ముట్టింది. పాండ్రి, తానాలు చెయ్యుండ్రి."

ప్రమీలకు కొండల పిచ్చి ఉన్న మాట నిజం. ఇరవై ఆరేళ్లు ఆమె కాపురం చేసిన గదికి ఖాతా ఉమ్మడి గోడ. పగలూ రాత్రీ గోడ వణుకుతూనే ఉంటుంది. ఆమె ఒళ్లో ఫోన్ పెట్టుకుని, సౌండు తీసేసి, మంచుకొండల వీడియోలు చూస్తూ దారాలు కత్తిరించేది. పోయిన మనిషిని కొండకు ఎలా తీసుకెళ్తావని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు. ఆమె ఆయన వెంటే ఉంది.

పెద్దకర్మ అయ్యాక ఖాతాకు వెళ్లిన మొదటిరోజే కనపడింది. పొద్దున పదకొండు గంటలకు, తలుపు దగ్గర, నీలం చీరలో. పిలవలేదు, ఏ సైగా చేయలేదు. ఊరికే నిలబడి ఆయన వైపు చూసింది. పోగు తెగితే వంగి ముడేసి లేచేసరికి లేదు. మర్నాడు మళ్లీ పదకొండుకే వచ్చింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా మానలేదు. ఆయనకు భయం వేసింది. భార్యంటే భయపడుతున్నందుకు సిగ్గు కూడా వేసింది. కొండకు తీసుకెళ్తానన్నాడు కాబట్టి ఎదురుచూస్తోందని అనుకున్నాడు. ఏడాది మాసికంలోగా మాట చెల్లించుకుంటే వెళ్లిపోతుంది. అలా అనుకుంటే భయం కొంచెం తగ్గేది.

అందుకే మేలో కూతురు హారతితో చెప్పాడు. ఆ పిల్ల సూరత్‌లోనే పుట్టి పెరిగింది, చీరల మార్కెట్లో ఒక దుకాణంలో కంప్యూటర్ పని చేస్తుంది. తండ్రి మాట వినగానే ఆమె మొహంలో ఏదో కదిలింది. అదేమిటో ఆయన పట్టించుకోలేదు.

"ఖరేఖర్? నిజంగ పోదామంటవా బాపు?" అంది.

"మీ అవ్వకు మాటిచ్చిన గద బిడ్డా."

ఇక ఆ పిల్ల పూనుకుంది. ఉత్తరాఖండ్‌లో నేగీ అనే గైడును పట్టుకుంది. ఆయన రెండు దారులు చెప్పాడు. మొదటిది పేరున్న దారి. గుడారాల వరసలు, మ్యాగీ కొట్లు, రోజుకు రెండు మూడు వందలమంది. హారతి ఫోన్‌లో చూపిస్తే లక్ష్మీరాజం తల అడ్డంగా ఊపాడు. "గీడ ఉధ్నా టేసన్ కన్న ఎక్కువమంది ఉన్నరు. గీ జాగ వద్దు." రెండో దారికి పెద్దగా పేరు లేదు. గొర్రెలవాళ్లు తొక్కిన బాట, ఎనిమిది రోజుల నడక, పైన ఒక చిన్న చెరువు, దాని వెనక మంచుకొండ. రెండో రోజు నుంచి ఫోన్ సిగ్నల్ కూడా ఉండదన్నాడు నేగీ. ఆ మాటకే ఆయన మొహం వెలిగింది. సెప్టెంబరు చివర్లో వానలు తగ్గాక వెళ్లాలని ఖాయమైంది.

సూరత్‌లో కొండెక్కడం నేర్చుకోవాలంటే ఫ్లైఓవరే దిక్కు. హారతి ఒక సంచిలో రెండు గుడ్డ తానులు పెట్టి తండ్రి వీపుకు తగిలించింది. తెల్లారగానే ఉధ్నా నుంచి పాండేసర దాకా నడక, తిరిగి వచ్చేటప్పుడు బ్రిడ్జి మీదుగా. అద్దకం మిల్లుల డ్యూటీకి సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు. మూటాముల్లె సర్దుకుని ఇల్లొదిలిపోతున్నాడేమోనని ఒకాయన జాలిపడి చాయ్ కూడా ఇప్పించాడు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు మాత్రం ఆయనకు వెనక అడుగుల చప్పుడు వినపడేది. పక్కన హారన్ కొట్టినా సరిగ్గా వినపడని చెవికి చెప్పుల చప్పుడు స్పష్టంగా వినపడేది. ఒకటి అరిగిన చెప్పు, ఒకటి మామూలు చెప్పు. ప్రమీల నడక అదే. ఆయన ఆగితే ఆగేది. వెనక్కి తిరిగి చూడాలంటే ధైర్యం చాలేది కాదు.

జులైలో నేగీ ఆరోగ్య సర్టిఫికెట్ పంపమన్నాడు. డాక్టర్ గొట్టంలో ఊదమన్నాడు, ఊదాడు. మళ్లీ ఊదమన్నాడు. మూడోసారికి ఆయనకు కళ్లు తిరిగాయి. డాక్టర్ కాగితం పక్కన పెట్టి, కొండ ఎక్కితే దిగడం అనుమానమే, రాసివ్వను అని హిందీలో తేల్చేశాడు.

ఇంటికొచ్చాక లక్ష్మీరాజం వీపున ఉన్న నడక సంచి దించలేదు. అలాగే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోడ వణుకుతోంది.

"ఏదన్న దొంగ కాయితం తెద్దాం బిడ్డా. పాండేసరల ఇస్తరట."

"జాన్ పోతది బాపు."

"పోతె పోనీ. మీ అవ్వ దినాం వస్తున్నది. పిట్ట ముట్టినంక మాట తప్పితె ఇగ నన్ను ఇడ్వది."

హారతి స్టవ్ మీద అన్నం పెట్టింది. తర్వాత తండ్రికి వినపడేలా దగ్గరికి జరిగి, పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చుంది.

"పిట్ట ముట్టలే బాపు."

ఆయనకు అర్థమైంది. అయినా అర్థం కానట్టే చూశాడు.

"నువ్వు మొకం మూసుకున్నవు. కాకి గోడ మీదికెల్లి లేసి అటే పోయింది. అందరు ఎండల సొమ్మసిల్లుతున్నరు, ఇగ నువ్వు పడిపోయేటట్టున్నవని గంగవ్వ ముట్టిందన్నది. నన్ను సప్పుడు చెయ్యకుమన్నది. ఆకు తీసి నీళ్లల్ల ఇడిసిపెట్టినం. నీకు బాకీ ఏం లేదు. కొండకు పోవుడు వద్దు, బస్."

ఆ పిల్ల తండ్రిని బతికించుకోవడానికే చెప్పింది. చెప్పి తేలికగా ఊపిరి తీసుకుంది కూడా. ఆయన మీద మాత్రం బండ పడ్డట్టయింది. ముట్టలేదు. అంటే ప్రమీల ఆ మాట తీసుకోలేదు. తొమ్మిది నెలలుగా తలుపు దగ్గర నిలబడుతున్నది కొండ కోసం కాదు. ఎందుకో ఆయనకు మొదటినుంచీ తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తెలియనట్టు నటిస్తూ వచ్చాడు.

"బిడ్డా, ఆనాడు మీ అవ్వ ఖాతాకు వచ్చింది."

హారతి ఆయన చేతుల వైపు చూసింది.

"పదకొండు గొట్టంగ వచ్చింది. తలుపు కాడ నిలబడ్డది. ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని, ఇంకో చెయ్యితోటి నన్ను రమ్మన్నది. దీపావళి మాలు, బీముకు చుట్టిన దారం అయిపోవచ్చింది, సేఠ్ ఆడనే ఉన్నడు. నేను గిట్ల చెయ్యి సూపిన." అరచేతిని గాలిలో కిందికి నొక్కాడు. ఆగు. "జర్రసేపు నిలబడ్డది. మళ్ల రమ్మన్నది. మళ్ల గట్లనే సూపిన. మొకం సూసిన బిడ్డా. సూడక కాదు. తెల్లగ పాలిపోయి ఉన్నది. అయినా సూపిన. భోజనానికి వచ్చేసరికి..."

మిగతాది హారతికి తెలుసు. తండ్రి ఏడుస్తున్నాడు. ఆ పిల్ల దగ్గరికి రాలేదు, దూరం కూడా జరగలేదు. అంత పెద్ద ఖాతా గోడ అవతల ఆడుతుంటే ఆ గదిలో మాత్రం ఏ చప్పుడూ లేనట్టుంది. తర్వాత లేచి, స్టవ్ మీద అన్నం దించి, ఒక్క కంచంలో వడ్డించి ఆయన ముందు పెట్టి బయటికి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు తండ్రితో మాట్లాడలేదు. డబ్బాలో రొట్టెలు పెట్టడం మానలేదు, మాట మాత్రం లేదు. ఆయన కూడా క్షమించమని అడగలేదు. అడగవలసిన మనిషి ఈ పిల్ల కాదు కదా. ఐదో రోజు సాయంత్రం హారతి ఫోన్ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను ఒక్కదాన్నే పోతున్న. నేగీ భాయ్‌కి చెప్పిన. అమ్మకు కొండలంటె పానం. గదైతె అబద్ధం కాదు గద."

"పో బిడ్డా" అన్నాడు.

ఫారం నింపసాగింది. పేరు, వయసు, రక్తం గ్రూపు ఒక్కొక్కటే పైకి చదువుతూ. చివర్లో ఆగింది. "ఆపద వస్తె ఎవలకు ఫోన్ చెయ్యాలె అని అడుగుతున్రు."

"నా నంబర్ రాయి."

ఆమె వేళ్లు కదిలాయి. ఆయన మొహం చూసి, దాచకుండా చెప్పేసింది. "గంగవ్వ నంబర్ పెట్టిన."

లక్ష్మీరాజం తన ఫోన్ జేబులోంచి తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు సాంచాల మీదుంటవు బాపు. నీకు ఇనపడది." ఆ గొంతులో కోపం లేదు. తండ్రికి షుగర్ ఉంది, చాయ్‌లో చక్కెర వద్దు అన్నంత మామూలుగా అంది. కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడే.

ఆయన అన్నాడు. "ఆ ఎనిమిది దినాలు నేను ఖాతాకు పోను."

"దీపావళి సీజన్. సేఠ్ ఊకుంటడా?"

"ఊకోకుంటె మానె. ఫోన్ పట్టుకొని గీడనే కూసుంట."

హారతి ఫోన్ వైపు చూస్తూ ఆలోచించింది. గంగవ్వ పేరు తీయలేదు. "రెండో పేరుకు జాగ ఉన్నది" అని దాని కింద తండ్రి నంబర్ కొట్టింది. ఆయన తల ఊపాడు. రెండోదైనా చాలు.

సెప్టెంబరు ఇరవై రెండున హారతిని రైలెక్కించి వచ్చాడు. కొండ కింది ఊరినుంచి ఒక మెసేజ్ వచ్చింది, మర్నాడు ఒకటి వచ్చింది, తర్వాత ఏమీ రాలేదు. ఆయన ఇంటి గడప మీద కూర్చున్నాడు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా. గంగవ్వ అన్నం అక్కడికే తెచ్చి పెట్టింది. మూడో రోజు పొద్దున పక్క సాంచాల ముత్యం పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్ల అలవాటు, దూరంనుంచే చేతులతో చెప్పాడు, కొత్త బీము ఎక్కించాలి, సేఠ్ పిలుస్తున్నాడని. లక్ష్మీరాజం చేత్తోనే రానన్నాడు. ముత్యం దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు.

"అద్దగంట పని రాజన్నా. ఫోన్ గంగవ్వకిచ్చి రా. అయినా ఆ కొండ మీద సిగ్నలే లేదంటున్రు, నీకెట్ల ఫోన్ వస్తది?"

"ఎరుకనే" అన్నాడు లక్ష్మీరాజం.

ముత్యం ఖాతా వైపు వెళ్లిపోయాడు. లక్ష్మీరాజం ఫోన్‌ను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. ఎడమ చెవికే కాస్త నయంగా వినపడుతుంది.