కటింగ్ మాస్టరు కమాండ్ల చదువు

కుట్టు కంపెనీలో కటింగ్ మాస్టరు తర్వాతే ఎవరైనా. నూరు పొరల గుడ్డ బల్ల మీద పరిచి, పై పొర మీద సుద్దగీత గీసి, కరెంటు కత్తితో ఒక్క ఊపున కోస్తాడు. గీత తప్పిందంటే నూరు చొక్కాలు మట్టిపాలు. అలాంటి బల్ల దగ్గర మన మాస్టరు ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాడు. పల్లెటూరి బడిలో ఏడో తరగతితో చదువు ఆపినవాడు, డిజైన్ కోర్సులు చదివి వచ్చినవాళ్ళకి చంక ఎక్కడ ఎంత తిప్పాలో నేర్పాడు. స్కూలు యూనిఫారాల ఆర్డరు మీద పడ్డ ఏడాది ఇంకో మాస్టర్ని పెట్టుకోకుండా మొత్తం తనే కోశాడు. ఒక్క చొక్కా తిరిగి రాలేదు. అతని చేతికింద పని నేర్చి మాస్టర్లయినవాళ్ళు ఇవాళ ఏ కుట్టు కంపెనీలో చూసినా ఉంటారు. ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి, ఎందుకంటే జనానికి గుర్తున్నది మాత్రం అతను చెడగొట్టిన ఆ ఒక్క కోతే.

ఆ కోత చెడింది చేతి వల్ల కాదు, కంటి వల్ల. ఎటు చూస్తే అటు, సరిగ్గా మధ్యలో బూడిదరంగు మచ్చ. బల్ల అంచులు కనిపిస్తాయి, పక్కన నిలబడ్డవాళ్ళ భుజాలు కనిపిస్తాయి, కత్తి కింది గీత కనిపించదు. కంటి వెనక పొర పాడవుతోందనీ, మచ్చ పెరగడమే తప్ప తగ్గడం ఉండదనీ డాక్టరు చెప్పాడు. నడకలో తేడా లేదు కనక బయటివాళ్ళకి తెలియలేదు. భార్యకీ మేనకోడలికీ తప్ప మాస్టరు ఎవరికీ చెప్పలేదు. యజమాని వయసు మీదపడిందనుకుని అతన్ని కోసిన ముక్కలు కట్టలు కట్టే బల్లకి మార్చాడు. ఈ ఆర్డరు అయ్యాక ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ మాటకి అర్థం మాస్టరుకి తెలుసు.

దారి చూపింది మేనకోడలు. ఆ పిల్ల పనిచేసే ఆఫీసులో కొట్లవాళ్ళ తరఫున అద్దె కంప్యూటర్లని కనిపెట్టి చూస్తుంటారు. ఆ కంప్యూటర్లు ఎక్కడో దూరాన ఉంటాయి. ఇక్కడ కూర్చుని ఒక్కో వరస, అంటే కమాండు, టైపు చేసి వాటిని నడపాలి, ఆపాలి. దాన్నే క్లౌడ్ అంటారట, ఆ కంప్యూటర్లని మిషన్లంటారట.

"అందులో బొమ్మలుండవు మామయ్యా, అన్నీ అక్షరాలే," అంది. "తెర మీద పడ్డ అక్షరాల్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఉంది. నీకు చెవులు బాగానే పనిచేస్తున్నాయిగా?"

"మీ అత్తయ్య మాటలు వినపడనంత బాగా పనిచేస్తున్నాయి," అన్నాడు మాస్టరు.

పొద్దున్నే పనికి వెళ్ళేముందు పాఠాలు. మేనకోడలు తమ ఆఫీసు మిషన్ల పేర్లతోనే చిన్న చిన్న అభ్యాసాలు తయారుచేసేది. ఉన్న మిషన్ల జాబితా అడుగు. ఒక మిషన్ని లేపు. దాని పేరు చెప్పి ఆపు. వరసలో ముందు ఏ విభాగమో, తర్వాత ఏం చెయ్యాలో, ఆఖర్న రెండు అడ్డగీతలు కొట్టి ఏ మిషన్‌కి చెయ్యాలో రాయాలి. మాస్టరుకి ఇది చప్పున అందింది. ఏ గుడ్డ, ఏ కోత, ఏ సైజు అని కటింగ్ చీటీ మీద రాసే వరసే కదా. మొదట్లో వేళ్ళు తడబడ్డాయి. ఖాళీ వదలాల్సిన చోట వదల్లేదు, వద్దన్నచోట వదిలాడు. హెడ్‌ఫోన్లలో ఆ ప్రోగ్రాము గొంతు తప్పు, తప్పు అని ఒకటే పోరు.

"దీనికి కాస్త మర్యాద నేర్పవే," అన్నాడు.

"నువ్వు నీ చేతికింద వాళ్ళకి నేర్పినంత మర్యాదే మామయ్యా అది."

వంటగదిలోంచి భార్య అందుకుంది. "కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ నాతో ఇన్ని మాటలాడలేదు. ఆ డబ్బాతో చూడు, ఒకటే కబుర్లు."

చలికాలం దాటేసరికి తెర వైపు మొహం తిప్పకుండానే కమాండు కొట్టేవాడు. పేరుని బట్టి వెతకడం, పనిలేకుండా తిరిగే మిషన్లని ఏరడం, ఒక్కటి ఆపి మిగతావాటిని కదపకపోవడం, అన్నీ వచ్చాయి. ఆ వయసులో, ఆ కంటితో అది నేర్చినవాణ్ణి ఇంకొకణ్ణి చూపించమనండి.

మేనకోడలి ఆఫీసులో ఒక ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. ముందురోజు మేనకోడలు అడిగింది. "కంటి సంగతి వాళ్ళతో చెబుతా. చదివే ప్రోగ్రాము అక్కడా పెడతారు."

"చెప్పావంటే నేను రాను."

"ఎందుకు?"

"బల్ల దగ్గర నిలబడ్డవాడు ఈ గీత సరిగ్గా ఉందా అని ఇంకొకణ్ణి అడిగితే వాడు మాస్టరు కాదు. కళ్ళు పోతున్నాయని జాలిపడి ఇచ్చే కుర్చీ నాకెందుకు? మిషన్ల వరస నాకు నోటికొచ్చు. పనిలేని మిషన్ ఎప్పుడూ మూడోదే."

"అది నేను పెట్టిన అభ్యాసంలో మామయ్యా."

పనికి వేళయిందని మాస్టరు లేచాడు. ఆ పిల్ల రెట్టించలేదు.

పరీక్ష గదిలో ఒకావిడ కూర్చోబెట్టింది. మాస్టరుకి ఆవిడ చెవులూ జుట్టూ కనిపించాయి, మొహం ఉండాల్సిన చోట మచ్చ.

"తెర మీకు సౌకర్యంగా ఉందా? ఏమైనా కావాలంటే అడగండి," అంది.

"అన్నీ బాగున్నాయండి."

ఆవిడ కీబోర్డు అతని ముందుకి జరిపింది. "హెడ్‌ఫోన్లలాంటివి ఏమైనా కావాలన్నా మొహమాటం లేకుండా అడగండి."

"ఏం వద్దండి," అన్నాడు మాస్టరు, కాస్త గట్టిగానే.

ప్రశ్నలు ఆవిడ నోటితోనే చెప్పింది. జాబితా అడగమంది, అడిగాడు. ఫలానా పేరున్న మిషన్ని లేపమంది, లేపాడు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు. మూడోది చెప్పింది: "ఈ జాబితాలో పనిలేకుండా తిరుగుతున్నది ఒకటుంది. అది చూసి, దాన్ని మాత్రమే ఆపండి."

తెర మీద వరసలున్నాయి. మాస్టరు తల పక్కకి వంచి కంటి కొసతో చూడబోయాడు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి తప్ప ఒక్కటీ నిలవలేదు. అడిగితే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చి అక్కడే ఆగింది. ఇంటి దగ్గర మూడో వరసలో ఉండే పేరు గుర్తుతెచ్చుకుని, ఆపమని కొట్టాడు.

"వరస రాయడంలో ఒక్క తప్పూ లేదండి," అంది ఆవిడ మెల్లగా. "కానీ మీరు ఆపింది బిల్లులు వేసే మిషన్. ఇది పరీక్ష కనక సరిపోయింది. నిజం పనిలో అయితే కొట్లన్నీ ఆగిపోయేవి. ఈ ఉద్యోగానికి తీసుకోలేమండి."

బయట వరండాలో మేనకోడలు నిలబడి ఉంది. జరిగిందంతా మాస్టరు చెప్పాడు.

"హెడ్‌ఫోన్లు అడగలేదా?"

"నేనెందుకు అడుగుతాను?"

"నిన్ననే వాళ్ళతో చెప్పాను మామయ్యా, నువ్వు తిట్టినా సరేనని. ఆ కంప్యూటర్లో ప్రోగ్రాము పెట్టే ఉంచారు. కానీ ఒంటి సంగతి ఎవరిది వాళ్ళే నోరు తెరిచి అడగాలట, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వకూడదట. అందుకే ఆవిడ నిన్ను అడిగి ఉంటుంది."

ఆవిడ రెండుసార్లు అడిగింది. మాస్టరు తనని తిడతాడేమో అనుకుంది మేనకోడలు. తిట్టలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళాడు.

"నాకు కంటి మధ్యలో కనపడదండి," అన్నాడు. పరాయి మనిషి ముందు ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ లేచి నిలబడింది. "ముందే అని ఉంటే బాగుండేదండి. ఫలితం పైకి పంపేశాను. మళ్ళీ రాయాలంటే వచ్చే ఏడాదే."

వచ్చే ఏటికి మచ్చ ఎంతవుతుందో డాక్టరు కూడా చెప్పలేదు. "ఉద్యోగం కోసం కాదండి. ఆ జాబితా ఒక్కసారి వినిపిస్తారా?"

ఆవిడ హెడ్‌ఫోన్లు అతని చేతికిచ్చింది. గొంతు ఒక్కో పేరూ చదివింది, ఒక్కో మిషన్ ఏం చేస్తోందో చదివింది. పనిలేనిది అట్టడుగున ఉంది. మాస్టరు చివరిదాకా విని, దాని పేరు ఒక్కో అక్షరమే కొట్టి, ఆపమన్నాడు. ఆగిందని చెవిలో గొంతు చెప్పింది.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండీ?"

"ఉందండి."

"లెక్కలోకి రాదు."

"రాదండి."

హెడ్‌ఫోన్లు తీసి తీగ చిక్కుపడకుండా చుట్టి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర మేనకోడలు చెయ్యి చాపితే వద్దనకుండా పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్న మామూలు వేళకే కట్టల బల్ల దగ్గరికి వెళ్ళాడు. యజమాని చెప్పిన ఆర్డరు ఇంకా పూర్తి కాలేదు.