బావగారి లాంగ్ బంతులు

కక్ష తీర్చుకోవడం పాపమని మా అమ్మ అంటుంది. అక్క మొగుడు ఆవిడకి అల్లుడు, నాకు బావ. ఆ తేడా ఆవిడకి తెలియదు.

మేముండే బోటనీ డౌన్స్ పేటలో ఆదివారాలు మా తెలుగువాళ్లం కొందరం ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. అమెరికావాళ్ల ఆటే, కాకపోతే ఎవరినీ పడదోయరు. నడుముకి వేలాడే గుడ్డపీలిక లాగేస్తే చాలు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని నేను. ఎలా విసరాలో ప్రతిసారీ చెప్పేది బావ. ఆయనకి మైదానం ఆ చివరకి ఎగిరే బంతులంటేనే మోజు. నా విసురు అంత దూరం పోదు. దగ్గరలో పరిగెత్తేవాళ్లకైతే గురి తప్పకుండా అందించగలను.

“దగ్గరగా వేస్తాను బావగారూ, కొంచెం కొంచెంగా ముందుకెళ్దాం.”

“ఆ కొంచెం నడకకి ఆటెందుకు? డెయిరీకెళ్లి పాలు తెచ్చుకోవచ్చు. లాంగ్ వెయ్యి.”

వేసేదాన్ని. సగం దూరంలో పడేది. మోకాలి నొప్పితో ఆ చివరిదాకా పరిగెత్తిన మా అక్క ఉత్త చేతులతో తిరిగొచ్చేది. ఊరి లీగ్ పోటీల్లో సెమీఫైనల్ అలాగే ఓడాం. ఆ సాయంత్రం వాళ్లింట్లో అందరూ భోంచేస్తుంటే, “మా మరదలి చెయ్యి గరిటె తిప్పడానికే పనికొస్తుంది. వచ్చేసారి నేనే క్వార్టర్‌బ్యాక్” అన్నాడు బావ. అందరూ నవ్వారు. బావ ఆటపట్టిస్తే మరదలు నవ్వాలి, మనవాళ్ల పద్ధతి అది. కోప్పడితే తప్పు నాదవుతుంది. అరికాలి మంట నెత్తికెక్కుతున్నా నవ్వాను. “ఊరుకోవే, సరదాకన్నారు” అంది అక్క పెరుగు వడ్డిస్తూ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆయన తెలివితక్కువతనం నా చేతికి చుట్టారు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

ఆఫీసులో తోటి ఉద్యోగిని పట్టుకుని మౌంట్ ఆల్బర్ట్ టీమ్‌లో చేరాను. కెప్టెన్ ఒక కివీ ఆవిడ. మొదటిరోజే నీకు ఏ బంతి బాగా వస్తుందని అడిగింది. వేసి చూపించాను. మా ఎత్తులన్నీ దాని చుట్టూనే అల్లింది. అంత చిన్న ప్రశ్న మా ఇంట్లో ఒక్కరికీ తట్టనందుకు నాకు ఏడుపొచ్చింది.

బావ టీమ్‌తో మ్యాచ్ పడింది. గెలిస్తే చాలదు, అందరి ముందూ ఆయన తల వంగాలి, అదే నా కోరిక. గోరుముద్దలు తినిపించినట్టు దగ్గర దగ్గరగా అందించుకుంటూ పోయాను. వాళ్ల వంతు వచ్చినప్పుడు మైదానం మధ్యలో నిలబడ్డాను. ఎప్పుడో క్రికెట్‌లో అరిగిపోయిన భుజంతో బావ లాంగే వేస్తాడని, అది అక్కడే పడుతుందని నాకు తెలుసు. పడింది, పట్టుకున్నాను. మళ్లీ వేశాడు, మళ్లీ పట్టుకున్నాను. హాయిగా ఉంది, దాచుకోను.

మ్యాచ్ గెలిచాక అందరూ వింటుండగా అన్నాను: “బావగారూ, బంతులన్నీ నాకే వేశారు. మరదలంటే ఎంత ప్రేమో.”

జనం గొల్లుమన్నారు. పద్ధతి ప్రకారం ఆయనా నవ్వాడు, గాలి ఎదురుకొట్టిందని గొణిగాడు.

అక్క మాత్రం నవ్వలేదు. మోకాలు రుద్దుకుంటూ గడ్డిలోంచి లేచి, నడుముకున్న పీలికల బెల్టు విప్పి ఆయన చేతిలో పెట్టింది.

“మీ టీమ్‌లో నాకు చోటుందేమో అడగవే” అంది నాతో.

అప్పుడు ఆగింది బావ నవ్వు. “అడగనక్కర్లేదు, రా అక్కా” అన్నాను, ఆయన మొహంలోకే చూస్తూ.